కొండ మీది మాట

"మెట్లు స్లిప్పీగా ఉన్నాయి, చూసుకుని ఎక్కు పిల్లా! మొన్న ఆ పోస్ట్‌మాన్ ఇక్కడే పడి నడుం విరగ్గొట్టుకున్నాడు!"

పైనుంచి ఆ కేక వినగానే టెస్‌కు ప్రాణం లేచివచ్చింది. 'స్లిప్పరీ' కాదు, 'స్లిప్పీ'. పిట్స్‌బర్గ్‌లో ఎనిమిది నెలలుగా ఆమె వెతుకుతున్నది అలాంటి ముక్కల కోసమే. ఈ ఊరి పాత యాసను రికార్డు చేసి దాచిపెట్టమని యూనివర్సిటీ ఆమెను పనిలో పెట్టింది. తీరా వచ్చి చూస్తే కుర్రకారంతా టీవీలో వార్తలు చదివేవాళ్ళలా మాట్లాడుతున్నారు. పాతవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. చివరికి కొండ మీది చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ దారి చూపాడు. "అసలైన మాట వినాలంటే వెర్నా డూడెక్ ఇంటికి వెళ్ళండి. ఆవిడ తర్వాత ఇంకెవరూ లేరు."

ఎనభై ఒక్క ఏళ్ళ వెర్నా తలుపు పట్టుకుని నిలబడి ఉంది. కింద వీధిలో, మంచు తవ్వి తీసిన చోట, కారు పెట్టుకునేందుకు జాగా పట్టినట్టు ఒక పాత వంటింటి కుర్చీ వేసి ఉంది.

"మీ కారు వస్తుందా మామ్మగారూ? నాది పక్కన పెడతాలెండి."

"కారు అమ్మేసి తొమ్మిదేళ్ళయింది. కుర్చీ ఉంటే ఈ ఇంటికి ఎవరో వస్తారనుకుంటారు కదా అని."

"ఎవరు?"

"ఇరుగుపొరుగు." వెర్నా అటూ ఇటూ చూసి నవ్వేసింది. "ఎవరున్నార్లే. అటు కాలేజీ పిల్లలు, ఇటు తాళం."

వంటింట్లో బల్ల మీద పళ్ళెం నిండా వెన్నలో వేయించిన పియెరోగీలు, బంగాళాదుంప కూరిన పోలండ్ కజ్జికాయలు, ఆవిర్లు కక్కుతున్నాయి.

"తిను. ఒక్కదానికి వండుకోవడం నాకు చేతకాదు. ఎంత తగ్గించినా డజనుకి తక్కువ రావు."

టెస్ రికార్డర్ బల్ల మీద పెట్టి మీట నొక్కింది.

"ఊరి నడిబొడ్డుకి వెళ్తున్నారనుకోండి, ఎక్కడికంటారు?"

"డాన్‌టాన్." వెర్నా ఆగింది. తల అడ్డంగా ఊపింది. "ఉండు, సరిగ్గా రాలేదు. డా...న్‌టాన్. ఆఁ, అదీ!"

డౌన్‌టౌన్‌ని ఇక్కడి పాతవాళ్ళు పలికే తీరు అదే. మైకు ముందు అందరికీ ఉండే బెరుకేనని టెస్ నవ్వుకుంది.

"మరి 'మీరంతా' అనడానికి?"

"యిన్జ్! 'యిన్జ్ వస్తున్నారా, నన్ను రమ్మంటారా' అని ఇక్కడ అరిస్తే నది దాకా వినపడాలి."

"స్కాట్లండ్, ఐర్లండ్‌ల నుంచి వచ్చినవాళ్ళు తెచ్చిన మాట అది. స్లిప్పీ కూడా అంతే. తర్వాత పోలండ్ నుంచీ ఎక్కడెక్కడినుంచో వచ్చి ఉక్కు మిల్లుల్లో చేరినవాళ్ళంతా అవే పట్టుకున్నారు."

"పట్టుకోక? ఆ మోతలో నీలాగా పొడుగు మాటలు మాట్లాడితే ఎవడికి వినపడుతుంది? మాట పూర్తయ్యేలోపు మీసాలు కాలిపోతాయి!"

ఆ తర్వాత ఆమెను ఆపడం టెస్ వల్ల కాలేదు. కొలిమి తలుపు తెరిస్తే కనుబొమ్మలు మాడిన సంగతి, చలికాలం ఇనప దిమ్మల మీద రొట్టెలు వెచ్చబెట్టుకున్న సంగతి, ఒకటి తర్వాత ఒకటి దొర్లుకొచ్చాయి. చెబుతున్నకొద్దీ ఆమె గొంతు బొంగురుపోయింది. "ఫోర్‌మన్ వచ్చి చూస్తే మేం ముగ్గురం కునుకు తీస్తున్నాం. 'యిన్జ్‌కి దుప్పట్లు కూడా తెమ్మంటారా?' అన్నాడు. 'తెండి సార్, తలగడ మాత్రం మెత్తగా ఉండాలి' అన్నాను!"

"మీరు మిల్లులో పనిచేశారా?" అంది టెస్ ఆశ్చర్యంగా.

"నేనా?" వెర్నా తడబడింది. "పనిచేసింది మా ఆయన, చెట్. మిల్లు మూసేదాకా ముప్ఫై ఏళ్ళు చేశాడు."

"ఆయన మాట ఎక్కడైనా రికార్డై ఉందా? పెళ్ళిళ్ళ టేపులో, పండగల టేపులో?"

"ఎక్కడిది! కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే. నన్ను తీసేవాడు, తను నోరు మూసుకుని."

రెండు గంటలు గడిచాయి. యూనివర్సిటీ ఇచ్చే రుసుము కవరు టెస్ తీయబోతే వెర్నా చెయ్యి అడ్డం పెట్టింది.

"అదొద్దు. ఆ రికార్డు నాకొకటి ఇస్తావా?"

"తప్పకుండా. ఇప్పుడు కాస్త వింటారా?"

వెర్నా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కళ్ళు మూసుకుంది. బొంగురు గొంతు వంటిల్లంతా నిండిపోయింది.

"చాలామందికి తమ గొంతు తాము వింటే చిరాకేస్తుంది. మీకు నచ్చినట్టుందే!"

"ష్, విననీ."

ఫోర్‌మన్ సంగతి దగ్గరికి వచ్చేసరికి, అదే మొదటిసారి విన్నట్టు ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే ధారగా కారుతున్న కన్నీళ్ళు తుడుచుకుంది.

టెస్ ఫారం తీసింది. "చివరి ప్రశ్న. ఈ మాట మీకు అమ్మ నుంచి వచ్చిందా, నాన్న నుంచా?"

"మా అమ్మా నాన్నా ఎక్కడో దక్షిణాన అలబామా వాళ్ళు. నేనూ అక్కడే పుట్టి పెరిగాను."

టెస్ కలం ఆగిపోయింది. ఎనిమిది నెలల కష్టం కళ్ళ ముందు కరిగిపోతున్నట్టు అనిపించింది.

"అయితే పెళ్ళయి ఇక్కడికొచ్చాక అలవాటైందా?"

"ఎక్కడ! నా సాగతీతను ఆయన వెక్కిరించేవాడు, ఆయన కురచ మాటల్ని నేను వెక్కిరించేదాన్ని. యాభై ఏళ్ళూ ఎవరి మాట వాళ్ళదే."

"మరి ఇలా మాట్లాడటం ఎప్పుడు మొదలైంది మామ్మగారూ?"

వెర్నా రికార్డర్ మీద మెల్లగా అరచెయ్యి ఆనించింది.

"ఆయన్ని పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రం."