ఎడమ ముందు చక్రం

వీధి మలుపులోనే కారు కీచుమంది.

షెడ్డులో పనిలో ఉన్న మేస్త్రి కూతురు తలెత్తకుండానే, "ఎడమ ముందు చక్రం" అనుకుంది.

బ్రేకుల మేస్త్రిగా అందరూ ఎరిగిన తండ్రి పోయాక ఆ షెడ్డు ఆమె చేతికొచ్చింది. వచ్చినవాళ్ళు మాత్రం ఇప్పటికీ "మేస్త్రి లేడా?" అంటూ ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూస్తారు. కారు కూత విని జబ్బు చెప్పడంలో తన చెవీ తండ్రి చెవేనని ఒక్కరైనా అంటే వినాలని ఆమె ఆశ.

షెడ్డు వెనకే ఇల్లు. మామూలుగా అయితే ఈపాటికి అమ్మ చేతిలో గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చేసేది. ఏ కారు బ్రేకు కీచుమన్నా ఆవిడ వచ్చి చూడాల్సిందే, ఏ చక్రమో అడిగి, కాదని తేల్చుకుని లోపలికి పోవాల్సిందే.

"ఎవరికోసమమ్మా?" అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"మీ నాన్న ఒకాయన్ని రమ్మన్నారు. ఆ కారు ఇలాగే అరుస్తుంది. ఆయనకి నేనొక మాట చెప్పాలి."

"పేరు?"

"తెలీదు."

"పోనీ మనిషెలా ఉంటాడు?"

"మొహం చూడలేదే తల్లీ."

అరవని కారు బ్రేకుల షెడ్డుకి ఎందుకొస్తుందమ్మా అని కూతురు నవ్వేసేది. తండ్రి పోయినప్పుడు ఆమె చదువు కోసం వేరే ఊళ్ళో ఉంది. ఆ రోజు సంగతి ఎత్తితే అమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతుంది.

ఇవాళ అమ్మ కూరల కోసం బజారుకెళ్ళింది.

రంగు వెలిసిన తెల్ల కారులోంచి ఒక పెద్దాయన దిగాడు.

"మేస్త్రిగారు లేరా అమ్మా?"

మళ్ళీ అదే ప్రశ్న. ఆమెకు చురుక్కుమంది.

"నాన్న పోయి చాన్నాళ్ళయిందండీ. ఇప్పుడు నేనే చూస్తున్నాను, చెప్పండి."

పెద్దాయన గోడ మీది మేస్త్రి ఫొటో దగ్గరికి వెళ్ళి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎంతకీ కదలకపోయేసరికి ఆమెకే ఇబ్బందనిపించింది.

"నాన్న మీకు బాగా తెలుసా?"

"ఒక్కసారే కలిశానమ్మా. ఈ చప్పుడు విని, తన దగ్గరికే తెమ్మన్నారు. ఆ వారమే నాకు బదిలీ అయింది. మళ్ళీ ఇటు రావడం ఇదే."

"అయితే ఇన్నేళ్ళూ ఇలా అరిపిస్తూనే తిరిగారా?"

"ఎక్కడ చూపించినా బ్రేకు ప్యాడ్లు మార్చేవారు. నాలుగు రోజులు బుద్ధిగా ఉండి మళ్ళీ మొదలెట్టేది. పరువు పోతోందని మా ఆవిడ దీన్ని ఎక్కడమే మానేసింది. సాయంత్రం మనవరాలికి ఇచ్చేస్తున్నాను. ఈ గోల కూడా దానికెందుకని తెచ్చాను."

ఆమె కారు తీసుకుని వీధిలో ఒక చుట్టు తిరిగొచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కితే చప్పుడు లేదు. మెల్లగా ఆపితేనే కూత. జాకీ వేసి చక్రం ఊడదీసింది. డిస్కు నున్నగా ఉంది, ప్యాడ్లు ఇంకా మందంగానే ఉన్నాయి. తండ్రి చేసినట్టే కళ్ళు మూసుకుని ప్యాడ్ అంచు కదిపి చూసింది. వదులుగా ఆడింది.

"ప్యాడ్లది తప్పు కాదండీ. వాటి వెనక పల్చటి రేకు ఉండాలి. ఎప్పుడో పడిపోయింది, ఎవరూ మళ్ళీ వేయలేదు. అది లేక ప్యాడ్ వణుకుతోంది. ఆ వణుకే ఈ అరుపు."

పెద్దాయన ఆమెను కొత్తగా చూశాడు.

"మీ నాన్నగారూ ఇదే అన్నారమ్మా. చక్రం విప్పకుండానే. వెనక సీట్లో పడుకుని."

ఆమెకు నవ్వొచ్చింది. "నాన్నంతేనండీ. మధ్యాహ్నమైతే చాలు, ఎవరి కారైనా సరే, వెనక సీటెక్కి ఓ కునుకు తీసేవారు."

పెద్దాయన చూపు మళ్ళీ ఫొటో మీదికి పోయింది.

ఆమె తుప్పు గీకింది. కొత్త రేకు పెట్టి, దాని మీద వేలితో గ్రీజు రాసింది. పులమకూడదే, కాటుక పెట్టినట్టు పెట్టాలి అని చిన్నప్పుడు తండ్రి తన వేలు పట్టుకుని నేర్పాడు. గ్రీజు డబ్బా తెరిస్తే ఆమెకు ఇప్పటికీ ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ఈసారి కారు గేటు దాకా వెళ్ళి ఆగింది. కిక్కురుమనలేదు.

"మేస్త్రిగారి చెవే నీదీ" అన్నాడు పెద్దాయన.

ఆమె కళ్ళు చెమర్చాయి. "కూర్చోండి, అమ్మ వచ్చేస్తుంది. ఒక్కసారి చూసి వెళ్ళండి."

"వద్దమ్మా. ఆవిణ్ణి కష్టపెట్టడమెందుకు."

కాఫీ పెట్టడం కష్టమా అనుకుందామె. ఆ పొగడ్తకే పొంగిపోయి పేరడగడం మరిచిపోయింది.

కారు అలా వెళ్ళిందో లేదో, అమ్మ సంచీతో వచ్చింది.

"అమ్మా, నీ పెద్దమనిషి వచ్చి వెళ్ళాడు."

అమ్మ ఆగిపోయింది. "ఏ చక్రం?"

"ఎడమ ముందుది. ప్యాడ్ వెనక రేకు లేదు. ఆ సంగతి నాన్న ఆయన కారులో పడుకునే చెప్పారట."

అమ్మ సంచీ కింద పెట్టి పాత టైరు మీద కూలబడింది.

"పడుకుంది నా ఒళ్ళోనే. ఛాతీ పట్టుకుని రోడ్డు మీద పడిపోతే ఒక్క బండీ ఆగలేదు. ఆ కారొక్కటే కీచుమని ఆగింది. ఆసుపత్రి దాకా నేను మీ నాన్న మొహమే చూస్తూ కూర్చున్నాను, నడిపే ఆయన్ని చూడనేలేదు. అంత నొప్పిలోనూ మీ నాన్న, రేపు మా షెడ్డుకి తెండి, నేనే చేసిపెడతానన్నారు. ఆయన మాట్లాడిన ఆఖరి మాటలవే. ఆ తర్వాత ఆ కారు ఎటు పోయిందో తెలీదు. ఒక్కసారి దణ్ణం పెట్టలేకపోయాననే నా బాధంతా."

కూతురు వీధిలోకి పరుగెత్తింది. మలుపు దాకా ఖాళీ.

"నీకు ఎదురుపడి ఉంటాడే. పాత తెల్ల కారు."

అమ్మ మలుపు వైపు చూసింది.

"మలుపులో నన్ను దాటనిద్దామని నా పక్కనే ఆగిందమ్మా, ఆయన రెండు చేతులూ జోడించాడు కూడా, చప్పుడు లేదు కదా, ఎవరో అనుకుని తల వంచుకుని వచ్చేశాను."