బిందెల పరుగు

మంచినీళ్ల పరుగు ముగియడానికి పావుగంటే ఉంది. రోడ్డు మీద పరిచిన రబ్బరు పట్టాలపై అడుగులు ఎంత బరువుగా పడితే అంత కరెంటు పుడుతుంది. అది అమ్మిన సొమ్ముతోనే పరుగు పెట్టిన ఊరికి నీళ్లు శుద్ధి చేసే యంత్రం వస్తుంది. పుట్టిన కరెంటును చూపే బోర్డు మీది గీత నిండకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

పట్నం నుంచి వచ్చినవాళ్లు ఈకల్లా తేలిపోతూ పరుగెత్తారు. బోర్డు మీద గీత ముప్పావు దగ్గరే ఆగింది.

"ఇవేం అడుగులు, పిట్టలు దుంకినట్టు! స్రవంతీ, బిందెలు తే," అని సైదమ్మ కోడలిని కేకేసింది.

"పరుగులో బిందెలెందుకత్తమ్మా? నవ్వుతరు."

"నవ్వనియ్యి. బరువు మోసుడు మనకంటె ఎవలకెర్కనే?"

ఇన్నేళ్లూ ఫ్లోరైడుతో ఎముకలు వంచిన బోరు నీళ్లనే నింపుకొని, నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకొని వాడలోని ఆడవాళ్లంతా పట్టాలెక్కారు. సైదమ్మ వంకర మోకాళ్లు కలుక్కుమంటున్నా చుక్క తొణకలేదు. గీత కదిలింది.

"గట్టిగ తొక్కుండ్రే!" అని సైదమ్మ అరిచింది.

గడువుకు ఇంకా నిమిషం ఉందనగా గీత నిండింది. జనం ఈలలు వేశారు. స్రవంతి ఏడుస్తూ, నవ్వుతూ అత్త నెత్తి మీది బిందె అందుకుంది.

సైదమ్మ రొప్పుతూనే అడిగింది: "పక్కూరోళ్ల పరుగు ఎన్నడంట?"