టార్చికి జవాబు

కొండమీది టెలిస్కోపు దగ్గర రాత్రి డ్యూటీ అంటే ఆమెకి ప్రాణం. చలి, నిశ్శబ్దం, ఫ్లాస్కు నిండా టీ. ఇంకేం కావాలి?

ఆమె చూసేది ఒక చిన్న ఎర్ర నక్షత్రాన్ని. దాన్ని అంటిపెట్టుకుని ఒక గ్రహం తిరుగుతుంది. దానికి ఒకవైపు ఎప్పుడూ పగలే, మరోవైపు ఎప్పుడూ రాత్రే. ఆ నక్షత్రానికి ముక్కుమీద కోపం, ఉండుండి నిప్పులు కక్కుతుంది, అక్కడ పురుగు కూడా బతకదని సైంటిస్టులంటారు. "పగలూ రాత్రీ కలిసేచోట బతకొచ్చే," అనేవాడు ఆమెకి ముందు ఇదే ఉద్యోగం చేసిన బాబాయి. డ్యూటీ దిగేముందు దానివైపు మూడుసార్లు టార్చి వేసేవాడు. ఆ అలవాటు ఆమెకీ అంటింది.

ఈ రాత్రి ఆ నక్షత్రం వెలుగు ఆగి ఆగి మూడుసార్లు తగ్గింది, ఎవరో దీపానికి చెయ్యి అడ్డంపెట్టి తీసినట్టు. గ్రహం అడ్డొస్తే ఒక్కసారే తగ్గాలి.

నవ్వుకుంటూ బాబాయికి ఫోన్ చేసింది. "నీ టార్చికి జవాబొచ్చింది బాబాయ్! మూడుసార్లు."

"మూడా? నేను చేరిన రోజు చలికి చెయ్యి వణికి నాలుగు వేశానే."

తెరమీద వెలుగుని చూపే గీత నాలుగోసారి కిందికి జారింది.

ఆమె లెక్కేసింది. వెలుగు అక్కడికి చేరడానికి పదకొండేళ్లు, తిరిగి రావడానికి పదకొండు. బాబాయి చేరి ఇవాళ్టికి సరిగ్గా ఇరవైరెండేళ్లు.

"మర్నాడు ఎన్నిసార్లు వేశావు?"



"మర్నాడు లెక్కపెట్టలేదమ్మా. టార్చి ఊపి, ఓసారి ఇటు రండని పిలిచాను."

పిలుపు అక్కడికి అంది రేపటికి పదకొండేళ్లు. అందిన వెంటనే వెలుగంత వేగంగా బయల్దేరి ఉంటే, రేపే వచ్చేస్తారు. భయం వెయ్యాలి గానీ, ఆమెకి వెయ్యలేదు. ఎందుకైనా మంచిదని రెండో కప్పు కడిగి పెట్టింది.