ఎదురు కంపెనీ

కంపెనీలో షటిల్ కాక్ ఈకలకు దారం బిగిస్తూ పైడితల్లి, ఇంట్లో మల్లెమాలకు వేసే ముడి వేసింది. ఈకలిక కదల్లేదు. ఆటసామాన్లు తయారుచేసే ఆ పారిశ్రామిక పార్కులో కొత్తది ఎవరికి తట్టినా అందరిదీ అని కంపెనీలన్నీ ఒప్పందం రాసుకున్నాయి. భోజనాల వేళకే, చేతి కదలికలు నమోదు చేయడానికి కంపెనీ తొడిగిన పట్టీలోంచి ఆమె ముడి అన్ని కంపెనీల యంత్రాలకూ వచ్చేసింది.

"మాయమ్మ నేర్పిన ముడది! పంచుకోడానికి మీరెవులు? నానింక రాను."

సగం కట్టిన కాక్‌ను మేస్త్రి ముందు విసిరేసి, రోడ్డు దాటి, పని అడుగుదామని ఎదురు కంపెనీకి వెళ్లింది. గేటు దానంతటదే తెరుచుకుంది. లోపల ఒక కుర్చీ ఆమె ఎత్తుకు సరిచేసి ఉంది.

"రా పైడితల్లీ, నీ కోసమే సూస్తన్నాం," అన్నాడు అక్కడి మేస్త్రి. "పని మద్దెలో ఒగ్గేసి వచ్చీసావట?"

ఆమె ఇందాక విసిరేసిన కాక్, సగం ముడితో, ఆమెకంటే ముందే వచ్చి ఆ కుర్చీ ముందు బల్ల మీద ఉంది.