రాతి పెండ

"రాయిని పట్టుకొని పెండ అంటవేంది బిడ్డా? ఎండదెబ్బ గిట్ల తగిలిందా?"

శంకరవ్వ అడిగిన తీరుకు ఆమె మెట్ట చెలకలో చేరిన జనమంతా నవ్వారు. సర్పంచ్ లచ్చయ్య ఒక్కడే నవ్వలేదు. బొగ్గు కోసం ఊరు మొత్తాన్ని ఓపెన్ కాస్టు గని కింద తవ్వేస్తామని నోటీసు వచ్చిన నాటి నుంచి ఆయన నవ్వడం మానేశాడు.

పరిశోధన చేస్తున్న భవ్యశ్రీ ల్యాప్‌టాప్ తెరిచింది. పోయినసారి ఈ చెలకలో ఏరుకుపోయిన రాయి బొమ్మ అందులో కనిపిస్తోంది.

"పెండనే అవ్వా. కోట్ల ఏండ్ల కింద మొసలి లాంటి జంతువు పెట్టింది. గట్టిపడి రాయైంది. పగలగొట్టకుండనే ఎక్స్‌రే మిషన్ల పెట్టి, లోపల పొరపొరకు ఫోటోలు తీసినం. గిదో, గివి చేప పొలుసులు. గిది పురుగు కాలు."

"వారినీ! గప్పటి చేప ఇంకా అరగలేదా?"

"అరగలే కాబట్టే, అది ఏం తిని బతికిందో మనకు తెల్సింది."

"గీ ముసలోడు పొద్దుగాల ఏం తిన్నడో అడిగెటోడు లేడు గనీ, మొసలి తిన్నదానికి ఫోటోలు!" అంది శంకరవ్వ, పక్కనున్న మొగుడు సాంబయ్యను మోచేత్తో పొడిచి.

లచ్చయ్యకు చేపలతో పనిలేదు. "అమ్మా, గీ పెండతోని గని ఆగుతదా, ఆగదా? గదొక్కటి చెప్పు."

"ఆగుతది. ఇసొంటివి గీ చెలక నిండ ఉన్నయి. రేపు మా సర్కారు శాఖ పెద్దసారు వస్తుండు. ఆయన చూసి రాస్తే ఇక్కడ గడ్డపార దిగదు."

శంకరవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. సాంబయ్య కూడా ఏడ్చాడు. మొక్కిన దేవుళ్లు, ఓట్లడిగిన నాయకులు అందరూ చేతులెత్తేశాక, చివరికి పెండ కాపాడింది ఊరిని! నవ్వేవాళ్లు నవ్వనీ. ఇల్లు నిలిస్తే చాలు.

పెద్దమనిషి వస్తున్నాడంటే వాకిలి అట్లనే వదిలేస్తారా? ఈసారి చుట్టం వచ్చేది ఇంటికి కాదు, చెలకకు. తెల్లవారకముందే శంకరవ్వ ఆడవాళ్లను పోగేసింది. ఇంటికో బిందె పెండనీళ్లు తెచ్చారు. రాళ్లు తేలిన చోటంతా శుభ్రంగా ఊడ్చి, సాన్పి చల్లి, రథం ముగ్గులు వేశారు. వేసి మురిసిపోయారు.

పెద్దసారు జీపు దిగాడు. వెనకే దిగిన భవ్యశ్రీ చెలకను చూసి నెత్తి పట్టుకుంది. సారు వంగి తడిమట్టి వేలికి రాసుకుని వాసన చూశాడు.

"ఏం చల్లారిక్కడ?"

"పెండ సారూ! మీరు వస్తుండ్రని చెలక మొత్తం చల్లినం," అంది శంకరవ్వ చేతులు జోడించి.

"ఆ కాలపు తిండి ఆనవాళ్లు వెతికే మట్టిలో ఇవాళ్టి ఆవు తిన్న గడ్డి కలిపారన్నమాట!"

"తెల్వక చేసిండ్రు సార్. మట్టి లోపలి రాళ్లకు ఏం కాలే," అని భవ్యశ్రీ గబగబా అడ్డుపడింది.

సారు చెలకంతా తిరిగాడు. ఒక్కో రాయినీ పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి దూదిలో పెట్టించాడు. లచ్చయ్య ఆయన వెంటే నడిచి నడిచి, ఇక ఆగలేక అడిగేశాడు.

"తప్పైంది సారూ. గని... ఆగుతదా మరి?"

"ఆగుతుంది. ఇంత విలువైన చోటు ముట్టుకోనిస్తామా? ఇక్కడికి గని రాదు."

ఊరంతా ఒక్కసారి కేకలు వేసింది. సాంబయ్య సారు కాళ్ల మీద పడ్డాడు. శంకరవ్వ, భవ్యశ్రీని పట్టుకొని ముద్దు పెట్టుకుంది. డప్పులు తెమ్మని ఎవరో ఉరికారు. లచ్చయ్య అన్నాళ్లకు నవ్వాడు.

ఆ గోలలోనే సారు జీపెక్కి, తనతో వచ్చిన గుమస్తాతో అన్నాడు.

"చుట్టూ కంచె వేయించు. వీళ్లుంటే పేడ పాడవుతుంది, ముందు ఊరు ఖాళీ చేయించు."