కూత ఆగిన మిషన్

ములుగు బస్సు రెండోది కూడా వెళ్లిపోయింది. ఆ పెద్దమనిషి ఎక్కలేదు.

మేడారం జాతర రోజులు. వరంగల్ బస్టాండు ఎదుట వెంకటరాజం హోటల్లో నిలబడడానికి చోటు లేదు. అందరూ కాఫీ తాగి బస్సుకు పరుగెత్తుతున్నారు. ఈయన ఒక్కడే బెల్లం మూట ఒళ్లో పెట్టుకొని, ఖాళీ కప్పు ముందు కూర్చొని, కాఫీ మిషన్‌నే చూస్తున్నాడు.

మిషన్ వచ్చి నెల కాలేదు. ఎదురు హోటలుకు పోయే జనాన్ని ఇటు తిప్పింది అదే. జాతర అయ్యేదాకా అది ఆగకుండా నడవాలి. వెంకటరాజానికి వేరే ఫికరు లేదు.

నడిపేది ఆయన తమ్ముడు సమ్మయ్య. బస్సుకు తొందరపడేవాళ్లు కూడా ఒక నిమిషం నిలబడి చూసేవారు.

అడుగున పంపు స్టవ్వు. పైన ఇత్తడి కాగు. అందులో సగానికి పైగా నీళ్లు, మిగతా జాగాలో ఆవిరి. నీళ్లు ఎంతున్నాయో గాజు గొట్టం చూపిస్తుంది. ఆవిరి బలం ఎంతో గడియారం లాంటి బిళ్లలో ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎర్ర గీత దాటకూడదు.

పిడి ఉన్న చిల్లుల గిన్నెలో పొడి అదిమి మిషన్ మూతికి బిగిస్తాడు సమ్మయ్య. లీవరు కిందికి గుంజితే లోపల స్ప్రింగు ముడుచుకుంటుంది, వేడినీళ్లు పొడి మీదికి దిగుతాయి. లీవరు వదిలితే స్ప్రింగు సాగి ఆ నీళ్లను పొడిలోంచి నెడుతుంది. చిక్కటి డికాషన్ దారంలా కప్పులో పడుతుంది. పక్కనున్న సన్న గొట్టం తిప్పితే ఆవిరి బుస్సుమని వచ్చి పాలు నురగెత్తుతాయి.

కాగు నెత్తిన ఇంకొకటి ఉంది. వేలెడంత వాల్వు. మొదట్లో అది ఉండి ఉండి కూత పెట్టేది. పిల్లలు జడుసుకునేవారు. జనం దిష్టి తగిలిందని వెంకటరాజం భార్య భాగ్యమ్మ నిమ్మకాయలు, మిరపకాయలు నల్లతాడుకు గుచ్చి తెచ్చింది. జారిపోకుండా తాడును వాల్వు నెత్తి మీదుగా వేసి, కాగు రెండు చెవులకు గుంజి కట్టారు.

కూత ఆగింది. దిష్టి పోయిందన్నారు.

పెద్దమనిషి లేచి గల్లా దగ్గరికి వచ్చాడు. ఇది కూయడం ఎప్పుడు ఆగిందని అడిగాడు. వారమైందని చెప్పి, దాని కూతతో నీకేం పనన్నాడు వెంకటరాజం.

"అది కూయాలె సేఠు. తాడు తీయించు. స్టవ్వు జర బంద్ చెయ్యి."

వెంకటరాజం నవ్వాడు. పొడి ఎక్కడ కొంటున్నారో కనుక్కోమని ఎదురు హోటలోళ్లు పొద్దున్నే ఒకణ్ని పంపారు. ఇప్పుడు వచ్చినవాడు ఏకంగా స్టవ్వే ఆర్పమంటున్నాడు.

"నీ బస్సు పోతాంది పెద్దాయన. పోయి ఎక్కు."

మూడో బస్సు కూడా పోయింది.

ఆయన మళ్లీ కూర్చోలేదు. గల్లా నుంచి మిషన్ దాకా, మిషన్ నుంచి గుమ్మం దాకా తిరుగుతూనే ఉన్నాడు. వడ్డించేవాళ్లకు అడ్డం. తిట్టినా కదల్లేదు. రెండుసార్లు సమ్మయ్య దగ్గరికి పోయి, జర పక్కకు నిలబడు తమ్మీ అన్నాడు. పక్కకు నిలబడితే లీవరు నీ తాత గుంజుతడా అన్నాడు సమ్మయ్య.

నాలుగో బస్సు జనం ఒక్కసారే వచ్చి పడ్డారు. సమ్మయ్య స్టవ్వుకు ఇంకా పంపు కొట్టాడు. అంతలో హారన్ మోగింది. సగం మంది కాఫీ తాగకుండానే పరుగెత్తారు. లీవరు ఆగింది. స్టవ్వు ఆగలేదు.

ముల్లు ఎర్ర గీత దాటింది.

పెద్దమనిషి ఉల్లిగడ్డలు కోసే కత్తి అందుకున్నాడు. సమ్మయ్యను భుజంతో తోసి తాడు కోశాడు. ఆవిరి చూరు దాకా లేచింది. ఆయన చెయ్యి మణికట్టు దాకా అందులోనే ఉంది.

నిమ్మకాయలు నేల మీద దొర్లాయి.

దిష్టితాడు కోశాడన్న మాట బస్టాండు దాకా పోయింది. ఎవరూ ఇంకేమీ అడగలేదు. మొదటి దెబ్బ వెంకటరాజమే వేశాడు. బెల్లం కాళ్ల కింద చితికింది. పోలీసు జవాన్లు వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. ముల్లు వైపే చూస్తూ పోయాడు.

వాల్వు కూస్తూనే ఉంది. భాగ్యమ్మ ఇంకో తాడు తెచ్చింది.

"అన్నా, ముల్లు సూడు," అన్నాడు సమ్మయ్య.

ముల్లు ఎర్ర గీత అవతలి నుంచి మెల్లగా వెనక్కి వస్తోంది. గీత ఇవతలికి వచ్చాక కూత దానంతట అదే ఆగింది.

అప్పుడు చూశారు. కాగు అతుకు దగ్గర వెంట్రుకంత పగులు. నీళ్లు బొట్టుబొట్టుగా స్టవ్వు మీద పడుతున్నాయి. పగులు సమ్మయ్య నిలబడే వైపే ఉంది.

"తాడు వద్దు వదినె. కడితే నేనక్కడ నిలబడ."

మిషన్ ఆపేశారు. జనం ఎదురు హోటలుకు పోయారు. వెంకటరాజం అటు చూడలేదు.

తెల్లవారగానే ఠాణాకు పోయాడు. ఫిర్యాదు వాపసు తీసుకుంటానన్నాడు. ఆయన్ను వదిలేసి గంటయిందని జమేదారు చెప్పాడు. చేతికి దవాఖానలో కట్టు కట్టిస్తామంటే వద్దన్నాడట. ఎటు పోయాడో ఎవరూ చూడలేదు.

వెంకటరాజం బల్ల దగ్గరికి జరిగాడు.

"ఏ కంపెనీ ఇంజనీరట సార్?"

"ఇంజనీరెక్కడిది సేఠు." జమేదారు కాగితం తీశాడు. "ఆయన చెప్పిందే రాసిన. ఇను."

కిషన్ రావు, సికింద్రాబాదు, ఒకప్పుడు కాఫీ హోటలు ఉండేది అని మొదలుపెట్టి, జమేదారు చివరి ముక్క దాకా చదివాడు.

"కూత గిరాకీలకు ఇబ్బందని మా మిషన్ వాల్వు కట్టేసింది నేనే, కాగు పేలిన పూట లీవరు దగ్గర ఉన్నది నా తమ్ముడు."