గూటి మీద కూత

నీరెక్కడ ముగిసి ఆకాశమెక్కడ మొదలైందో మంచులో తెలియని ఒక చెరువు ఉండేది. దాని గట్టుకు ముంగిస కాపలా. అక్కడ తీతువు పిట్ట పెట్టిన నాలుగు గుడ్లలో మూడింటిని పాము మింగేసింది. గూటికి దూరంగా కూసి శత్రువును మళ్ళించడం తీతువుల తరతరాల ఆచారం. ముంగిస ఆ కూత వినబడిన చోటికే పరుగెత్తేది. పాము గూటి దగ్గర తీరిగ్గా పని ముగించుకునేది.

"అక్కా, నీ కూత వెంట ఉరికి ఉరికి నా కాళ్ళరిగాయి. దొంగ వచ్చేది ఏ దారిన?" అంది ముంగిస.

"దారి చెబితే గూడు తెలిసిపోదూ? మీ తాతలు గుడ్లు తినే బతికారు కదా, తమ్ముడూ!"

"తిన్నారు. నాకూ నోరూరుతుంది. అందుకే ఇన్నాళ్ళూ అడగడానికి సిగ్గుపడ్డాను."

తీతువు మిగిలిన ఒక్క గుడ్డు దగ్గరికి నడిచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారిగా, గూటి మీదనే నిలిచి కూసింది.

ముంగిస వచ్చింది. గుడ్డును చూసి గుటక మింగింది.

"ఆ తుంగలోంచే వస్తుంది" అంది తీతువు ముక్కుతో చూపిస్తూ.

ముంగిస గుడ్డుకు వీపు పెట్టి, తుంగకు ఎదురుగా కూర్చుంది. తుంగ కదిలింది, ఆగింది, ఆ కదలిక మెల్లగా వెనక్కి మళ్ళింది. పెంకు చిట్లి పిల్ల గొంతు వినబడేదాకా ముంగిస ఒక్కసారైనా తల తిప్పలేదు.